అన్నిటికంటే చల్లగా ఉన్న కార్డు

జలపుష్ప వ్యాధి నివారణ కేంద్రంలో రొయ్యను రొయ్య అనరు. జలపుష్పం అంటారు. చేపనూ అదే అంటారు, పీతనూ అదే అంటారు. ఏ పుష్పానికి ఏ రోగం వచ్చిందో తెలియాలంటే ఫైలుకు జతచేసిన ఫొటో చూడాల్సిందే. ఆ ఫొటోలు చూసే ఉద్యోగం బొమ్మిడి ధనకుమారిది.

కంప్యూటర్ల చదువు చదివి, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద సాంకేతిక సహాయకురాలిగా చేరిన ఆ అమ్మాయికి రెండేళ్ళలోనే కళ్ళజోడు వచ్చేసింది. కొల్లేటి దిగువ చెరువుల రైతులు మేత పరీక్షించే చెక్ ట్రేలో రొయ్యల్ని పైకి లేపి, ఫోనుతో ఫొటో తీసి కేంద్రానికి పంపుతారు. రోజుకు నాలుగు వందల ఫొటోలు. వాటిలో తెల్లమచ్చ జబ్బు ఉందో లేదో ధనకుమారి చెప్పాలి. చిక్కెక్కడంటే, మచ్చ మనిషి కంటికి ఆనేసరికి చెరువులో సగం రొయ్య తేలిపోయి ఉంటుంది. రైతుకు అప్పుడు చెప్పడమూ ఒకటే, చెప్పకపోవడమూ ఒకటే.

అందుకని ఆమె ఒక ప్రోగ్రాం రాసింది. కేంద్రం కంప్యూటరులో లక్షా ఇరవై వేల పాత ఫొటోలు ఉన్నాయి. ఏ చెరువు తరవాత పోయిందో, ఏది నిలిచిందో వాటితోపాటే రాసి ఉంది. అవన్నీ కంప్యూటరుకు ఒక్కోటి వెయ్యిసార్లు చూపించి నేర్పితే, మచ్చ తేలడానికి నాలుగు రోజుల ముందే అది పసిగడుతుంది. కొన్ని ఫొటోల మీద చేసి చూస్తే పదింట తొమ్మిది సరిగ్గా చెప్పింది కూడా. అయితే కేంద్రంలో ఉన్న కంప్యూటరుతో అన్నీ నేర్పాలంటే పదకొండు నెలలు పడుతుందని తేలింది. రొయ్య చెరువులో ఉండేది మూడు నెలలు.

"గ్రాఫిక్స్ కార్డు ఒకటి ఉంటే నాలుగు రోజుల్లో అయిపోద్ది బాబాయ్" అని ధనకుమారి చెల్లుబోయిన ఏడుకొండలుతో అంది.

ఏడుకొండలు కోడిమెరక రైతు. మూడెకరాల చెరువు. కిందటి రెండు పంటలూ తెల్లమచ్చకే పోయాయి. మూడోది కూడా పోతే చెరువు వదిలేసి హైదరాబాదులో అపార్టుమెంటు కాపలాకు పోవడానికి బావమరిది చేత మాట చెప్పించి ఉంచాడు. పాలిథిన్ కవరులో నాలుగు రొయ్యలు వేసుకుని రెండ్రోజులకోసారి కేంద్రానికి వచ్చి కూర్చుంటాడు.

"ఆ కార్డు ఏం చేస్తది?"

"మామూలు కంప్యూటరు ఒక్కడే పలుగు పట్టుకుని గట్టు వేసినట్టు. ఈ కార్డయితే వెయ్యిమంది కూలీలు ఒక్కసారి దిగినట్టు."

"వెయ్యిమంది దిగితే చెమట పట్టదా?"

"పట్టుద్ది. అందుకే దానికి ఫ్యాన్లు, నీళ్ళ గొట్టాలూ పెడతారు. కంపెనీవాళ్ళు చెప్పిన స్పీడు కన్నా ఎక్కువ తిప్పుకోవచ్చు కూడా. ఓవర్‌క్లాక్ అంటారు. అప్పుడు పని ఇంకా తొందరగా అవుద్ది, వేడీ అంతే వస్తది. చల్లబెట్టుకోగలిగినంత మేరే లాభం."

"ఆయ్, పుల్లీ మార్చి మోటారు తిప్పడం. మేవూ చేస్తాం. ఒక్కోసారి తగలడిపోద్ది."

"అదే బాబాయ్."

"నిన్ననే చెరువులో రొయ్యపిల్ల సీడు వదిలానమ్మాయ్. నాకెప్పుడూ అరవయ్యో రోజు దగ్గరే కొంప ముణుగుద్ది. ఈలోగా దిగుతారా నీ వెయ్యిమందీ?"

"ఒక్క కార్డేగా. దిగిపోతారు" అంది ధనకుమారి. ఆమె ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళే అయింది.

*

డైరెక్టరు మార్కండేయులుగారు కాగితం చూడగానే సంతకం పెట్టేశారు. ఆయన ఈమధ్యనే రాజధానిలో మూడు రోజుల కృత్రిమ మేధ శిక్షణ పొంది, ఒక సంచీ, ఒక పెన్నుతో తిరిగొచ్చారు.

"చూడు ధనకుమారీ, కృత్రిమ మేధను అందిపుచ్చుకొనవలసిన తరుణంలో మనం అందిపుచ్చుకొనకపోతే, అందిపుచ్చుకొనలేకపోయామన్న అపప్రథ వస్తుంది. కానీ ఏది చేసినా పారదర్శకంగా, తులనాత్మకంగా చేద్దాం."

తులనాత్మకంగా చేయడమంటే పరిపాలనాధికారి నరహరిరావుగారి బల్ల దగ్గరికి వెళ్ళడం. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎర్ర పెన్నుతో పోలిక పట్టికలు గీస్తున్నారు. ధనకుమారి రెండు కార్డుల వివరాలు ఆయన ముందు పెట్టింది. ఒకటి గరుడ, మూడు ఫ్యాన్లది. రెండోది వరుణ, నీటి గొట్టాలది. రెండూ ఓవర్‌క్లాక్ చేసుకోవడానికి అనువైనవే.

"మూడోది ఏదమ్మా?"

"ఈ జిల్లాలో స్టాకున్నవి ఈ రెండేనండి."

"రెండింటి మధ్య జరిగేది పోలిక కాదు, పోట్లాట. మూడుంటేనే పోలిక. రేటు ఎలాగూ రాష్ట్రమంతటికీ పై ఆఫీసు ఒకటే ఖరారు చేసింది గనక అందులో తేడా రాదు. మిగతా గడులన్నీ మూడు నమూనాలతో పూరించాలి."

మూడోది ఎక్కణ్ణించి వస్తుందో ఆయనే చెప్పారు. గేటు ఎదురుగా జిరాక్సు సెంటరు నడిపే బుల్లబ్బాయి దగ్గరికి పొమ్మన్నారు. బుల్లబ్బాయి ఇరవై రెండేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఆఫీసులన్నిటికీ లెక్క నింపే తోడు కొటేషన్లు ఇస్తున్నాడు. బల్లలకీ ఇచ్చాడు, బోరు పంపులకీ ఇచ్చాడు, ఒకసారి అటవీశాఖవాళ్ళకు పులిబోనుకీ ఇచ్చాడు. ఇన్నేళ్ళలో ఒక్క టెండరూ గెలవకుండా పరువు కాపాడుకొచ్చిన మనిషి.

"గ్రాఫిక్స్ కార్డా? అలాగేనండి" అని వెంటనే టైపు చేసి ఇచ్చాడు బుల్లబ్బాయి. "నమూనా కూడా పెట్టాలంటున్నారు, నీ దగ్గరుందా?" అంటే, "పెట్టి చూపిత్తే చాలు కదండీ" అని, కాగితాల రీములొచ్చిన అట్టపెట్టె ఒకటి దులిపి, దాని మీద 'బుల్లబ్బాయి గ్రాఫిక్స్, నమూనా' అని స్కెచ్చి పెన్నుతో రాసిచ్చాడు. కేంద్రంలో దానికి రసీదు కూడా ఇచ్చారు.

*

ఏడుకొండలు చెరువులో పంటకు ఇరవై ఏడో రోజు. కేంద్రంలో ఏసీ గదిలో పోలిక మొదలైంది. డైరెక్టరుగారు కుర్చీలో, నరహరిరావుగారు పట్టికతో, ధనకుమారి కంప్యూటరు ముందు.

ముందు గరుడ. ఓవర్‌క్లాక్ చేసి వదిలితే సెకనుకు నాలుగు వందల ముప్పై ఫొటోలు చూసింది. వేడి ఎనభై మూడు డిగ్రీలు. మూడు ఫ్యాన్లూ కలిసి వడ్లు తూర్పారబట్టే మిషనులాగ రొద పెట్టాయి. తరవాత వరుణ. నాలుగు వందల పదిహేను ఫొటోలు, అరవై రెండు డిగ్రీలు, తేనెటీగంత చప్పుడు. మొదటిదాని కన్నా వీసమెత్తు నెమ్మది, చల్లదనం మాత్రం చాలా నయం. ధనకుమారి మనసులో వరుణకు ఓటేసేసింది.

"నమూనా మూడు" అన్నారు నరహరిరావుగారు.

"అది ఖాళీ పెట్టె అండి."

"ఖాళీ అన్నది నీ అభిప్రాయమమ్మా. నమూనా అందినట్టు రసీదు ఉంది. రసీదు ఉన్నదాన్ని పరీక్షించకపోతే మూడో పార్టీ కోర్టుకు పోతుంది. కొలువు."

ధనకుమారి పెట్టె మీద థర్మామీటరు పెట్టింది. "ఇరవై నాలుగు. ఈ గది వేడేనండి అది."

"ఎవరిదో మనకు అనవసరం. చప్పుడు?"

"లేదండి."

"కరెంటు ఖర్చు?"

"సున్నా."

"చేసిన తప్పులు?"

"సున్నాయే. చూస్తే కదండీ తప్పు చెప్పడానికి."

"సెకనుకు ఫొటోలు?"

"అదీ సున్నాయేనండి."

నరహరిరావుగారు ప్రతి గడిలోనూ అన్నిటికంటే తక్కువ ఉన్న అంకె చుట్టూ ఎర్ర సున్నా చుట్టుకుంటూ వచ్చారు. ఎన్నేళ్ళుగానో చుడుతున్న చెయ్యి, ఆగలేదు. ఐదు గడులు, ఐదు ఎర్ర సున్నాలు, అన్నీ మూడో నిలువు గీత కిందే పడ్డాయి. ఆయన మొహం విప్పారింది.

"సార్, నా సర్వీసులో ఇంత ఏకగ్రీవమైన పట్టిక చూడలేదు. అన్నింటా కనిష్ఠం. వివాదానికి తావే లేదు."

ధనకుమారి కుర్చీలోంచి లేచింది. "సార్, వేడి తక్కువుంటే మంచిది, కరెంటు తక్కువుంటే మంచిది. ఫొటోలు తక్కువ చూస్తే మంచిదెలా అవుద్దండి? అది ఎక్కువుండాలి."

నరహరిరావుగారు పెన్ను మూత పెట్టారు.

"అమ్మా, 'ఎక్కువ' చూపినవాడికి ఆర్డరు ఇచ్చిన ఆఫీసరు ఒక్కడున్నాడు, నా ఎరికలో. పంటకాలవల బోదెల శాఖలో. పద్నాలుగేళ్ళయింది, ఇప్పటికీ విచారణకు తిరుగుతున్నాడు. కనిష్ఠానికి ఇచ్చినవాణ్ణి ఈ దేశంలో ఎవడూ ఏమీ అనలేదు. వంతెన పడిపోయినా అనలేదు."

"కానీ నరహరిరావుగారూ, వేగం అన్నప్పుడు మరి..." అని డైరెక్టరుగారు శిక్షణలో విన్నదేదో గుర్తు తెచ్చుకోబోయారు.

"వేగం గడిలో ఎక్కువది మంచిదని ఏ జీవోలో ఉందో సెలవివ్వండి సార్. ఇప్పుడే కొట్టేసి మళ్ళీ గీస్తాను."

డైరెక్టరుగారు జీవోల పుస్తకం తెప్పించారు. అర్ధగంట తిరగేశారు. వేగం ఎక్కువుండటం మంచిదని అందులో ఎక్కడా లేదు. ధనకుమారి కూడా వెతికింది. నిజంగానే లేదు.

"మరి తులనాత్మకంగా తేలినదాన్ని మనం తోసిపుచ్చజాలం" అని ఆయన సంతకం చేశారు.

*

వార్త విని బుల్లబ్బాయి జిరాక్సు సెంటరు షట్టరు సగం దించేసి పరిగెత్తుకొచ్చాడు.

"నేను గెలవడవేంటండి బాబూ. నేను కొటేషనిచ్చిందే ఓడిపోడానికండి. రేపట్నించి నన్నెవడు పిలుత్తాడు? ఈడు గెలుత్తాడ్రా అని పేరు పడిపోద్ది."

"అభినందనలు" అన్నారు నరహరిరావుగారు. "ఇరవై ఆరు ఉపకేంద్రాలకు ఇరవై ఆరు యూనిట్లు. నమూనాకు ఏమాత్రం తేడా రాకూడదు. మూడేళ్ళ వారంటీ రాసివ్వాలి."

"తేడా అంటే... లోపల ఏవన్నా పడితే ఒప్పుకోరాండి?"

"ఒప్పుకోం. బరువు పెరిగినా తిప్పి పంపుతాం."

బుల్లబ్బాయి చాలాసేపు ఆలోచించాడు. ఆ పెట్టెల్లో పాడయ్యేది ఏముందా అని ఆలోచించి, ఏమీ లేదని రూఢి చేసుకుని, వారంటీ ఐదేళ్ళకు రాసిచ్చాడు. దానికి మెచ్చుకుని నరహరిరావుగారు పట్టికలో ఒక ప్రత్యేక వ్యాఖ్య కూడా రాశారు.

నలభై ఒకటో రోజున కేంద్రంలో 'శీతల మేధా విభాగం' ప్రారంభమైంది. పెట్టెకు పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొట్టి, తీగలు పెట్టెకు తగిలించకుండా పక్కన అందంగా చుట్టి పెట్టారు. రాజధాని నుంచి పెద్ద అధికారి ఒకాయన వచ్చి పెట్టె మీద అరచెయ్యి వేశారు. అలాగే కాసేపు ఉంచారు.

"అద్భుతం. మా ఆఫీసులో కంప్యూటర్లు కాలిపోతుంటాయి. దీన్ని ఎలా చల్లబెడుతున్నారు?"

"అది దాని సహజ స్వభావం సార్" అన్నారు డైరెక్టరుగారు.

"అలా ఎంతసేపు ఉంటుంది?"

"నిరవధికంగా సార్."

అంతటితో ఆగిపోయినా బాగుండేది. శీతల మేధా విభాగం వచ్చాక, రైతులు పంపే ఫొటోలన్నీ ఆ పెట్టె ముందే పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ధనకుమారి ఫొటో ప్రింటు తీసి పెట్టె మీద పెడుతుంది. పెట్టె ఏమీ అనదు. ఏమీ అనకపోతే వ్యాధి గుర్తించబడనట్టు లెక్క. గుర్తించబడనట్టు ధ్రువపత్రం ఇస్తారు, గుండ్రటి సీలు వేసి. ఆమె కంటికి మచ్చ కనిపించినవి రెండు మూడు సార్లు పక్కన పెట్టి "ఇది వైటు స్పాటేనండి" అంటే, "యంత్రం చెప్పనిది మనిషి చెప్పడం యంత్రాన్ని అవమానించడం" అని నరహరిరావుగారు మెమో ఇచ్చారు. ఆ వారంలో కేంద్రం గుర్తించిన వ్యాధుల సంఖ్య సున్నా. రాష్ట్రంలో అంతకన్నా తక్కువ ఏ కేంద్రానికీ రాలేదు గనక ఉత్తమ కేంద్రంగా షీల్డు వచ్చింది.

ఏడుకొండలుకూ ధ్రువపత్రం అందింది. దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు.

"దీన్ని ఏం చెయ్యమంటావమ్మాయ్? చెరువు గట్టున కట్టమంటావా, రొయ్యలు చదువుకుంటాయి?"

"దాన్ని నమ్మకు బాబాయ్."

"నేన్నమ్మను. మా పక్క చెరువు సూరపరాజు నమ్మాడు. మేత పెంచేశాడు కూడా." కవరులో రొయ్యల్ని చూస్తూ అన్నాడు. "నలభై ఆరు రోజులయ్యాయి. నువ్వేవో వెయ్యిమంది దిగుతారన్నావు."

ఆ వెయ్యిమందీ రెండు డబ్బాల్లో, తిరస్కృత నమూనాలు అన్న చీటీతో, ఆమె బల్ల కిందే పడి ఉన్నారు.

*

యాభయ్యో రోజుకు ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఫైలు కదిలింది. సాంకేతిక సహాయకుల్లో ఒకరినే కొనసాగించాలని పైనుంచి ఉత్తర్వు. ఒకరినే ఉంచాలంటే పోల్చాలి. పోల్చాలంటే ముగ్గురుండాలి. ధనకుమారి ఒకతి. ప్రసూతి సెలవులో ఉన్న సుగుణ రెండో ఆమె. మూడో పేరుకోసం నరహరిరావుగారు రిజిస్టరంతా గాలించి, గంగరాజును పట్టుకున్నారు. గంగరాజు ఆరేళ్ళ కిందట పోయాడు. పోయినట్టు కాగితం ఎవరూ దాఖలు చేయలేదు గనక పేరు మాత్రం రిజిస్టరులో నిలిచి ఉంది.

కేంద్రంలో అప్పటికి గడులు గీయడం, అందులో తక్కువ అంకె చుట్టూ ఎర్ర సున్నా చుట్టడం ఒక అలవాటుగా స్థిరపడిపోయింది. వాడిన కరెంటు, తాగిన టీలు, అడిగిన సెలవులు, పెట్టిన అభ్యంతరాలు, పనిచేసిన గంటలు. సుగుణ కొంతవరకు గట్టి పోటీ ఇచ్చింది. కానీ సెలవుల గడిలో ఓడిపోయింది. గంగరాజు ఒక్క సెలవూ అడగలేదు.

"అభ్యంతరాల గడిలో నీకు ఇరవై మూడు ఉన్నాయమ్మా" అన్నారు డైరెక్టరుగారు నొచ్చుకుంటూ. "మనిషివి తెలివైనదానివే. కానీ తులనాత్మకంగా చూస్తే గంగరాజు ముందు ఎవరూ నిలవలేకపోతున్నారు."

"ఆయన చచ్చిపోయాడు సార్."

"అది మానవీయ కోణం. దాన్ని మేం విడిగా పరిశీలిస్తాం."

గంగరాజు ఫొటోకు దండ వేసి, దాని కింద ఉత్తమ ఉద్యోగి అని రాశారు. అదే రోజు ధనకుమారికి రిలీవింగ్ ఉత్తర్వు వచ్చింది. అందులో రెండో పేరా ఇలా ఉంది: 'సదరు ఉద్యోగిని తన ఆధ్వర్యంలో ఉన్న తిరస్కృత నమూనాలను కూడా వెంట తీసుకొని తక్షణమే ప్రాంగణమును ఖాళీ చేయవలెను. నమూనాలు ప్రాంగణంలో కనబడినచో బాధ్యత ఆమెదే.'

ఆమె ఉత్తర్వును రెండుసార్లు చదివింది. తరవాత కార్డులిచ్చిన ఇద్దరు డీలర్లకూ ఫోను చేసింది. వచ్చి తీసుకెళ్ళడానికి వాళ్ళకు పదిహేను రోజులు పడుతుందట. ఈలోగా వాడి చూస్తానంటే ఇద్దరూ సంతోషించారు. "ఈ ఎండలకి మా కార్డు ఎంత వేడెక్కుద్దో మాకూ తెలీదు మేడమ్, చూసి చెప్పండి" అన్నాడు గరుడ డీలరు. ఫొటోలూ, రైతుల పేర్ల వెంట ఉన్న రాతలూ ఆమె ఎప్పుడో ఇంట్లో కంప్యూటరులోకి ఎక్కించుకునే ఉంది. కేంద్రం కంప్యూటరు రోజుకు నాలుగుసార్లు ఆగిపోతుంటే వేరే దారి లేకపోయింది. ఆ కంప్యూటరునూ రెండు డబ్బాలనూ ఆటోలో వేయించుకుని సరాసరి కోడిమెరక పోయింది.

*

చెరువు గట్టు మీద ఏడుకొండలు రేకుల షెడ్డు. నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల కోసం మూడు ఫేజుల కరెంటుంది, పోతే జనరేటరుంది. ఏసీ మాత్రం లేదు. ఏప్రిలు ఎండ రేకు మీద కూర్చుని ఉంది.

ముందు గరుడనే బిగించింది. ఓవర్‌క్లాక్ చేసి వదిలితే పది నిమిషాలకే తొంభై డిగ్రీలు దాటింది. దాటగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంది. నాలుగు వందల ముప్పై కాస్తా రెండు వందల అరవైకి పడింది. ఏడుకొండలు ఇంట్లోంచి టేబులు ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాడు. ఫ్యాను కూడా వేడిగాలే కొట్టింది.

"మిట్టమధ్యానం కూలోణ్ణి అదిలిస్తే ఇంతేనమ్మాయ్. తట్ట కింద పెట్టి కూకుంటాడు."

"వరుణ పెడదాం బాబాయ్."

వరుణ అంతలా డీలాపడలేదు. డెబ్భై తొమ్మిది దగ్గర ఆగి మూడు వందల ఎనభైతో నడిచింది. దాని గొట్టాల్లో తిరిగే నీళ్ళు ఒక జల్లెడలాంటి పలక దగ్గర చల్లబడాలి. ఆ పలకకు తగిలే గాలే వేడిగా ఉంటే అదేం చేస్తుంది. ఏడుకొండలు దాన్ని ఒంగి చూసి, వెనక్కి వెళ్ళి, రొయ్యలు ప్యాక్ చేసే తెల్ల ఐసు పెట్టె ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

"దీంట్లో ముంచేద్దామా?"

"ముంచితే గొట్టాలకు చెమట పట్టి, ఆ బొట్టు కార్డు మీద పడితే కాలిపోద్ది. జానెడు ఎత్తున పెడదాం. ఐసు మీంచి వచ్చే గాలి తగిలితే చాలు."

తాడుతో పలకను ఐసు పెట్టె పైన వేలాడదీశారు. యాభై ఎనిమిది డిగ్రీలు. ధనకుమారి వేగాన్ని మెల్లగా పెంచుకుంటూ పోయింది. నాలుగు వందల పదిహేను, నాలుగు వందల నలభై, నాలుగు వందల యాభై ఐదు. అక్కడ తెర ఒకసారి మిణుకుమంటే పది తగ్గించి వదిలేసింది. ఏసీ గదిలో రాని వేగం రేకుల షెడ్డులో వచ్చింది.

నాలుగు రోజులు షెడ్డు వదల్లేదు ఆమె. ఐసు కరిగినప్పుడల్లా ఏడుకొండలు భార్య మంగతాయారు మార్చింది. యాభై ఆరో రోజు పొద్దున్నే ప్రోగ్రాం నేర్చుకోవడం పూర్తయింది. ఏడుకొండలు చెక్ ట్రే లేపాడు. రొయ్యలు పుటుక్కుమని ఎగిరాయి. నిండుగా మేత తిని ఉన్నాయి, రంగు బాగుంది. ఎవరు చూసినా దిష్టి తగులుతుందనే అంటారు. ధనకుమారి పన్నెండు ఫొటోలు తీసి కంప్యూటరుకిచ్చింది.

పన్నెండింట తొమ్మిదికి జబ్బు మొదలైందని చూపించింది.

ఏడుకొండలు తెర వైపు చూశాడు. ట్రేలో రొయ్యల వైపు చూశాడు. ధ్రువపత్రం షెడ్డు గోడకి మేకు కొట్టి ఉంది, దాని వైపూ చూశాడు.

"ఇంకో ఇరవై రోజులుంటే కిలోకి అరవై కౌంటుకి వస్తది. ఇప్పుడు పట్టేస్తే తొంభై కౌంటు. చిన్న రొయ్య."

"తెలుసు బాబాయ్."

"నీ మిషను పదింట ఒకటి తప్పుద్దన్నావు."

"ఒకటి తప్పుద్ది."

"ఆ తప్పేది నాదేనేమో."

"అవ్వచ్చు" అంది ధనకుమారి. "నా చెరువైతే నేను పట్టేస్తాను. కానీ ఇది నా చెరువు కాదు."

మంగతాయారు ఐసు పెట్టె మూత వేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంటింకా చూత్తున్నావు? రెండేళ్ళు నీ కళ్ళతో చూశావు, ఏం కనబడిందీ? ఈసారి ఆ పిల్ల కళ్ళతో చూడు. వలోళ్ళకి ఫోను కొట్టు."

మర్నాడు పట్టుబడి అయిపోయింది. చిన్న రొయ్యే, కానీ బతికున్న రొయ్య. లారీ ఎక్కింది. ఏడుకొండలు బావమరిదికి ఫోను చేసి అపార్టుమెంటు కాపలాకు వేరే మనిషిని చూసుకోమన్నాడు. నాలుగో రోజు పక్కనే సూరపరాజు చెరువులో రొయ్య తేలింది. తెల్లమచ్చలు అప్పుడు అందరికీ కనబడ్డాయి. ఆయన దగ్గర వ్యాధి గుర్తించబడలేదన్న ధ్రువపత్రం ఉంది, గుండ్రటి సీలుతో సహా. చెరువు పోయినందుకు సాయం అడుగుదామని కేంద్రానికి పోతే, అదే కాగితం చూపించి జబ్బే లేదన్నారట.

ఆ సాయంత్రానికి షెడ్డు ముందు పాలిథిన్ కవర్లు పట్టుకుని పదిహేనుమంది నిలబడ్డారు. మర్నాడు నలభైమంది. ఐసు ఎవరికి వారే తెస్తున్నారు.

*

మూడో రోజున గట్టు మీదకు కేంద్రం జీపు వచ్చింది. డైరెక్టరు మార్కండేయులుగారు దిగారు. చేతిలో కవరు ఉంది. ఆయనకు బావగారి పేరు మీద ఇదే చెరువుల్లో ఆరెకరాలు ఉన్నాయని అందరికీ తెలుసు. ఎవరికీ తెలియదని ఆయన ఒక్కడికే తెలుసు.

"ఒక మిత్రుడివి" అన్నారు కవరు అందిస్తూ. "అనధికారికంగా."

ధనకుమారి ఫొటోలు తీసింది. జబ్బు మొదలైందనే కంప్యూటరు చెప్పింది.

"మీ మిత్రుడికి రెండ్రోజులే ఉన్నాయి సార్. పట్టేసుకోవాలి."

"మా... ఆ మిత్రుడి దగ్గర కేంద్రం ధ్రువపత్రం ఉంది. శీతల మేధ ప్రకారం..."

"పెట్టె మీద పెట్టి చూశారా సార్?"

"చూశాను" అన్నారు డైరెక్టరుగారు చిన్నగా. "ఏమీ అనలేదు."

ఆయన అక్కణ్ణించే వలవాళ్ళకు ఫోను చేశారు. ఆ వారమంతా చుట్టుపక్కల చెరువులన్నీ ఒక్కసారి పట్టుకుంటున్నారు. ఒక్క వల జట్టూ ఖాళీ లేదు. మూడో నంబరు, ఐదో నంబరు కూడా అదే చెప్పాయి. ఆయన మొహం చూసి ఏడుకొండలు లేచాడు. తన వల, తన పాలికాపులు నలుగురు ఉన్నారు. ఆరెకరాల చెరువుకు ఇంకో ఇద్దరుండాలి.

"మీరు దిగుతానంటే ఇప్పుడే లాగేద్దాం సార్. మీ మిత్రుడికి ఫోన్ చెయ్యక్కర్లేదు."

డైరెక్టరుగారు జీపు వైపు చూశారు. అందులో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నరహరిరావుగారు మొహం అటు తిప్పుకున్నారు. "పిలవండి సార్ ఆయన్నీ. తాడుకి రెండో కొస ఆయన పట్టుకుంటాడు" అంది ధనకుమారి. నరహరిరావుగారు కిందికి దిగి, చెప్పులు విడిచి, చొక్కా జేబులోని ఎర్ర పెన్ను తీసి సీటు మీద జాగ్రత్తగా పెట్టారు.

ఇద్దరూ ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడిచి ఆరెకరాల చెరువులోకి దిగారు. ఒండ్రు పిక్కల దాకా లాక్కుంది. వల చాపుకుని ఒకవైపు నుంచి లాగుతూ వస్తుంటే, నీళ్ళ కింద రొయ్యలు కాళ్ళకు టపటపా తగిలాయి. డైరెక్టరుగారు ఒంగి వలలోకి చూశారు.

"ఏడుకొండలూ, ఎక్కువే పడతాయంటావా?"

"పడతాయి సార్."

"ఎంత ఎక్కువ?"

"ముందు కింద తాడు తొక్కి పట్టండి. కాలు లేపారంటే రొయ్యంతా దాని కిందనించే పోద్ది. మాటాడకండి, బెదురుద్ది."

డైరెక్టరుగారు నోరు మూసుకుని తాడు తొక్కారు.